వార్తల్లో కాగ్నిటివ్ సైన్స్‌ను పట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కాగ్నిటివ్ సైన్స్ (మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే శాస్త్రం) కోర్సు చదువుతున్నారు. సూత్రాలు పుస్తకంలో చదివితే బాగానే అర్థమవుతున్నాయి. రోజూ చదివే వార్తల్లో వాటిని గుర్తుపట్టమంటే మాత్రం ఏమీ తట్టడం లేదు, తట్టినా ప్రతిదానికీ ‘కన్ఫర్మేషన్ బయాస్’ (ముందే నమ్మినదాన్ని బలపరిచేదే చూడడం) అనే ఒక్క పేరే వస్తోంది. సాధన ఎలా చేయాలని అడిగారు.

చాలా ఏళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను. నేనిచ్చే అసైన్‌మెంట్లలో వార్తల మీద రాయమనేది ఒకటి ఉంటుంది. దాదాపు అందరూ మొదట్లో మీలాగే చేస్తారు. ఒక చేత్తో బయాస్‌ల (ఆలోచనలో దొర్లే పక్షపాతాల) జాబితా, ఇంకో చేత్తో పేపరు పట్టుకుని దేనికి ఏది అతుకుతుందా అని చూస్తారు. ఆ జాబితా పక్కన పెట్టేయండి. పేరు పెట్టినంత మాత్రాన ఏమీ తెలిసినట్టు కాదు. ‘నిద్ర ఎందుకొచ్చింది? నిద్రమత్తు వల్ల’ అన్నట్టుంటుంది వ్యవహారం.

వార్త చదివేటప్పుడు అడగాల్సింది ఒకటే: ఆ క్షణంలో ఆ మనిషి మనసు ఏ పని చేయాల్సి వచ్చింది? వినాలా, చూసి గుర్తుపట్టాలా, మర్చిపోకుండా ఉండాలా, రెండింట్లో ఒకటి ఎంచుకోవాలా? ఆ పనికి కావాల్సింది అప్పుడు అతని ఎదుట ఉందా, లేదా? ఇది తేలితే సూత్రం పేరు ఆ తర్వాత నెమ్మదిగా వెతుక్కోవచ్చు. ఒక వార్త తీసుకుని కాస్త వివరంగా చూద్దాం.

2018 జనవరి 13 ఉదయం 8:07కి అమెరికా రాష్ట్రమైన హవాయిలో జనం ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. బాలిస్టిక్ క్షిపణి హవాయి వైపు వస్తోంది, వెంటనే తలదాచుకోండి, ఇది డ్రిల్ కాదు అని మెసేజ్. అదంతా ఉత్తిదేనని మళ్లీ ఫోన్లకు మెసేజ్ రావడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ రోజు గవర్నర్ చెప్పిన కారణం: షిఫ్టు మారే సమయంలో ఒక ఉద్యోగి తప్పు బటన్ నొక్కాడు. ప్రపంచమంతా అదే హెడ్డింగ్ పెట్టింది.

అంతవరకే చదివితే మీరేం రాస్తారు? ‘అజాగ్రత్త’ అని, లేదా ‘మెనూ డిజైన్ సరిగా లేదు’ అని. మెనూ సరిగా లేదన్న మాట నిజమే. డ్రిల్ పంపే లింకు, అసలు హెచ్చరిక పంపే లింకు ఒకే జాబితాలో ఉన్నాయి. కానీ రెండు వారాల తర్వాత అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ప్రాథమిక నివేదిక ఇచ్చేసరికి కథ మారిపోయింది. రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్ ముందుగా చెప్పకుండా ఒక డ్రిల్ పెట్టాడు. సైనిక కమాండ్ నుంచి మాట్లాడుతున్నట్టు ఫోన్ చేసి, రికార్డు చేసిన సందేశం వినిపించాడు. సందేశం మొదట్లోనూ చివర్లోనూ ‘ఎక్సర్‌సైజ్, ఎక్సర్‌సైజ్, ఎక్సర్‌సైజ్’ (అంటే ఇది డ్రిల్ మాత్రమే) అని ఉంది. మధ్యలో, డ్రిల్ స్క్రిప్టు ప్రకారం ఉండకూడని ‘ఇది డ్రిల్ కాదు’ అన్న వాక్యం కూడా ఉంది. అక్కడున్న మిగతావాళ్లకు అది డ్రిల్లేనని అర్థమైంది. హెచ్చరిక పంపే కంప్యూటర్ దగ్గరున్న ఉద్యోగి మాత్రం ‘ఎక్సర్‌సైజ్’ అన్నది తనకు వినపడలేదని, ‘డ్రిల్ కాదు’ అన్నది వినపడిందని, దాడి నిజమేననుకున్నానని రాసిచ్చాడు. అందుకే అసలు హెచ్చరికనే ఎంచుకున్నాడు. పంపేది ఖాయమేనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది కూడా. అవునని నొక్కాడు.

ఇక్కడ నాకు బాగా ఉపయోగపడేది డొనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వవేత్త 1981లో రాసిన, ఆ తర్వాత ఇంకో మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ విస్తరించిన తేడా. చేయాలనుకున్నది సరైనదే అయినా చెయ్యి జారి ఇంకోటి చేయడం ఒక రకం. చేయాలనుకున్నదే తప్పు కావడం, దాన్ని మాత్రం పద్ధతిగా చేయడం ఇంకో రకం. ‘తప్పు బటన్ నొక్కాడు’ అన్నది మొదటి రకం కథ. నివేదికలో ఉన్నది రెండో రకం. ఏదైతే ఏముంది అనిపించవచ్చు. కానీ మందు మారిపోతుంది. ‘ఖాయమేనా?’ అని అడిగే పెట్టె చెయ్యి జారినవాణ్ణి ఆపగలదు. దాడి నిజమని నమ్మినవాణ్ణి ఆపలేదు, ఎందుకంటే అతను ఖాయమనే అనుకుంటున్నాడు.

ఇంకొంచెం ముందుకెళ్లండి. ‘ఎక్సర్‌సైజ్’ అన్న మాట అతని చెవిదాకా రాలేదా, వచ్చినా మనసు పట్టలేదా? మొదటిదైతే అది ఫోనుకూ గదికీ సంబంధించిన సమస్య, కాగ్నిటివ్ సైన్స్‌తో దానికి పనిలేదు. రెండోదైతే అది ధ్యాసకు సంబంధించినది. క్షిపణి అన్న మాట వినగానే మనసు దేన్ని ముందు పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్న ప్రశ్న వస్తుంది. మీ నోట్సులో ఈ రెండూ రాసి, ఏది నిజమో తేలాలంటే ఏ సమాచారం కావాలో కూడా రాయండి. నా దృష్టిలో అసలు అభ్యాసం ఇదే.

ఆ 38 నిమిషాల సంగతి కూడా చూడండి. హెచ్చరిక పంపడానికి సిద్ధంగా టెంప్లేట్ ఉంది, గుర్తుపట్టి నొక్కితే చాలు. తప్పుడు హెచ్చరిక పోతే ఏం చేయాలో ఆ సంస్థ ముందుగా పద్ధతేదీ రాసిపెట్టుకోలేదు. అంటే మొదటి పని కేవలం గుర్తుపట్టడం, రెండో పని టెన్షన్‌లో ఉండగా కొత్త పథకం అప్పటికప్పుడు తయారుచేయడం. ఈ రెండో రకం పనిలోనే వర్కింగ్ మెమరీ, అంటే అప్పటికప్పుడు కావాల్సినవి మనసులో పట్టి ఉంచే శక్తి, చేతులెత్తేస్తుంది.

మర్చిపోవడం గురించిన వార్తలు ఈ సాధనకు ఇంకా బాగుంటాయి. 2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పానెయిర్ 5022 విమానం టేకాఫ్ అవుతూనే కూలిపోయి 154 మంది చనిపోయారు. ఫ్లాప్స్ దించలేదు. రెక్కల అంచున ఉండే ఆ పలకలు దిగకపోతే టేకాఫ్ వేగంలో విమానం సరిగా లేవదు. ఇంత అనుభవమున్న పైలట్లు ఇంత చిన్న పని ఎలా మర్చిపోయారని జనం అడిగారు. ఆ రోజు జరిగింది చూడండి. విమానం ఒకసారి రన్‌వే దాకా వెళ్లి, బయటి ఉష్ణోగ్రత కొలిచే ఒక ప్రోబ్ వేడెక్కుతోందని వెనక్కి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి అన్నీ చేయాలి. ఇంజన్లు స్టార్ట్ చేశాక చదివే చెక్‌లిస్టులో ఫ్లాప్స్ అంశం దగ్గరికి వచ్చేసరికి, ట్యాక్సీ (విమానం నేల మీద రన్‌వే వైపు కదలడం) అనుమతి అడగమని కెప్టెన్ కో-పైలట్‌కు చెప్పాడు. చదవడం అక్కడ తెగింది. తర్వాత చివరి చెక్‌లిస్టులో కో-పైలట్ ఫ్లాప్స్ విలువ ‘పదకొండు’ అని గడగడా చదివేశాడు. వాయిస్ రికార్డర్‌లో అది ఉంది. ఫ్లాప్స్ మాత్రం సున్నా దగ్గరే ఉన్నాయి. టేకాఫ్‌కు ముందు మోగాల్సిన వార్నింగ్ కూడా మోగలేదు.

ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి, కలిపేయకండి. మొదటిది ప్రాస్పెక్టివ్ మెమరీ, అంటే తర్వాత చేయాల్సిన పనిని సమయానికి గుర్తుచేసుకోవడం. ఇది తనంతట తాను నడవదు. ముందు పని ముగియడం తర్వాతి పనికి సంకేతంగా పనిచేస్తుంది. మధ్యలో ఎవరైనా అడ్డుపడితే ఆ సంకేతం పోతుంది, పోయిందన్న అనుమానం కూడా రాదు. నాసాలో కీ డిస్ముక్స్ అనే పరిశోధకుడు ఏళ్లపాటు పైలట్ల మీద పరిశోధించి చూపించింది ఇదే. రెండోది, కో-పైలట్ ‘పదకొండు’ అనడం. రోజూ అదే చోట అదే అంకె చూసేవాడికి, చూడకుండానే చూసినట్టు అనిపిస్తుంది. 1987 ఆగస్టు 16న అమెరికాలోని డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ 255 విమానం కూడా ఫ్లాప్స్ దించకుండానే టేకాఫ్ చేసింది. అక్కడ ట్యాక్సీ చెక్‌లిస్టునే చదవలేదు. విమానం మోడల్ కూడా ఒకటే, ఎండీ-82. ఇరవై ఏళ్లకు పైగా తేడా ఉన్న ఈ రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, క్లాసులో నేను నెలంతా చెప్పేదానికంటే ఎక్కువే అబ్బుతుంది.

ఎండలో ఆగిన కారులో తల్లో తండ్రో చిన్నపిల్లను మర్చిపోయిన వార్తలు కూడా ఇదే కోవకు చెందుతాయి. చదవడమే కష్టం. వాటి కింద కామెంట్లన్నీ ఒకటే మాట: ‘కన్నబిడ్డను ఎలా మర్చిపోతారు?’ ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది, ముఖ్యమైనది మర్చిపోమని. కానీ సమయానికి గుర్తురావాలంటే ముఖ్యమైనదైతే సరిపోదు, సంకేతం కూడా ఉండాలి. రోజూ ఒంటరిగా ఆఫీసుకెళ్లే దారి, వెనక సీట్లో నిద్రపోతున్న బిడ్డ, ఆ రోజు మాత్రమే మారిన ఏర్పాటు. ఇవి మూడూ కలిస్తే అలవాటే కారు నడుపుతుందని డేవిడ్ డైమండ్ అనే న్యూరోసైంటిస్టు ఎన్నో కేసులు చూసి వివరించారు. మీరు ఈ వార్త మీద రాస్తే, ప్రమాదంతో పాటు ఆ కామెంట్లను కూడా సామగ్రిగా తీసుకోండి. తమ జ్ఞాపకశక్తి ఎలా పనిచేస్తుందో మనుషులు ఎలా ఊహించుకుంటారన్నది కూడా మన సబ్జెక్టే.

ఇక వార్త రాసిన తీరు. దీని గురించి ఎక్కువగా చెప్పను, ఎందుకంటే అందరూ చెప్పేది ఇదే. ఒక్క ఉదాహరణ చాలు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక ఇచ్చింది. కొత్త తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని. వార్త గుప్పుమంది, చాలామంది మాత్రలు ఆపేశారు. అసలు అంకెలు: 7,000 మందిలో ఒకరికి ఉన్న ప్రమాదం 7,000 మందిలో ఇద్దరికి అయింది. రెట్టింపు అన్నది అబద్ధం కాదు. కానీ దేనికి రెట్టింపు అన్నది చెప్పకపోతే మనసు ఆ ఖాళీని భయంతో నింపుకుంటుంది. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. పైగా గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. ఈ ఉదాహరణను అందరికీ పరిచయం చేసినవాడు గెర్డ్ గిగరెంజర్ అనే మనస్తత్వవేత్త. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికన్లు విమానాలు మానేసి కార్లలో తిరగడం వల్ల ఏడాదిలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని లెక్కగట్టిందీ ఆయనే. శాతం కనిపించిన ప్రతిచోటా ‘ఎంతలో?’ అని మార్జిన్‌లో రాసుకోండి. సగం పని అయిపోతుంది.

సాక్షుల మాటలున్న వార్తలైతే విలేఖరి ఏమని అడిగి ఉంటాడో ఊహించండి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వవేత్తలు కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంతని అడిగారు. ‘తగిలినప్పుడు’ అని అడిగితే సగటు జవాబు గంటకు 34 మైళ్లు. ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్న అర్థమొచ్చే మాటతో అడిగితే 40.8. అదే పరిశోధనలోని రెండో ప్రయోగంలో, వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అని అడిగారు. అసలు ఫిల్ములో గాజు పగల్లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్న 50 మందిలో 7 మంది. వార్తలో ‘శరవేగంతో దూసుకొచ్చిందని స్థానికులు తెలిపారు’ అని కనిపిస్తే, ఆ ‘దూసుకొచ్చింది’ అన్నది స్థానికుల మాటా, అడిగినవాడి మాటా అన్న అనుమానం ఉంచుకోండి.

మళ్లీ హవాయికి వద్దాం, ఎందుకంటే అందులో మనమూ ఉన్నాం. ఆ సంఘటన గుర్తున్నవాళ్లను అడిగి చూడండి, ‘ఎవడో తప్పు బటన్ నొక్కాడు కదా’ అంటారు. నివేదిక వార్త కూడా వచ్చింది, చాలామంది చదివారు. అయినా మొదటి కారణమే నిలిచింది. 1994లో హాలిన్ జాన్సన్, కొలీన్ సైఫర్ట్ చేసిన ప్రయోగం అచ్చం ఇలాంటిదే. ఒక గోదాములో అగ్నిప్రమాదం గురించి విడతలవారీగా వార్తలు చదివించారు. ముందు అల్మారాలో ఆయిల్ పెయింట్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని, తర్వాత ఆ సమాచారం తప్పని, అల్మారా ఖాళీగానే ఉందని. సవరణ గుర్తుందా అంటే ఉందన్నారు. పొగ అంత దట్టంగా ఎందుకొచ్చిందంటే మాత్రం మళ్లీ పెయింట్ల పేరే ఎత్తారు. ఉన్న కారణాన్ని తీసేస్తే కథలో ఖాళీ మిగులుతుంది. ఖాళీ కంటే తప్పు కారణమే మనసుకు నయం. దాని స్థానంలో ఇంకో కారణం ఇస్తేనే మొదటిది కాస్త కదులుతుంది.

మరి హవాయి నివేదిక ఇంకో కారణం ఇచ్చింది కదా, అది ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్న మా విద్యార్థి ఒకరు వేశారు, మంచి ప్రశ్న. నా ఊహ: రెండో కారణం ఒక్క వాక్యంలో చెప్పలేం. ‘తప్పు బటన్’ రెండు మాటల్లో అయిపోతుంది, పైగా కళ్ల ముందు బొమ్మ కడుతుంది. ఇది ఊహే, రుజువు కాదు. పరీక్షించాలంటే ఎలాంటి ప్రయోగం చేయాలో ఆలోచించండి.

ఒక విషయంలో గట్టిగా హెచ్చరిస్తాను. కాగ్నిటివ్ సైన్స్ మీదే వచ్చే వార్తలను ఉదాహరణలుగా వాడేటప్పుడు రెట్టింపు అనుమానంతో చదవండి. ఆకలి మీదున్న జడ్జీలు కఠినంగా ఉంటారన్న వార్త మీరు చదివే ఉంటారు. 2011లో వచ్చిన ఇజ్రాయెల్ అధ్యయనం అది. పెరోల్ మంజూరు బ్రేక్ తర్వాత 65 శాతం దగ్గర మొదలై, తర్వాతి బ్రేక్ వచ్చేసరికి దాదాపు సున్నాకు పడిపోయేదని. ఎంత చక్కగా ఉందో చూడండి. అదే ఏడాది ఇంకో ఇద్దరు పరిశోధకులు కేసుల వరస యాదృచ్ఛికం కాదని చూపించారు. లాయరు లేని ఖైదీల కేసులు ఎక్కువగా బ్రేక్‌కు ముందు, చివర్లో వచ్చేవి. లాయరు లేనివాళ్లకు పెరోల్ దొరకడం ఎలాగూ తక్కువే. అంత పెద్ద ప్రభావం ఒక్క ఆకలి వల్లే అని ఇప్పుడు ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1964 మార్చిలో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ హత్య. 38 మంది చూస్తూ కూడా దాడి సాగుతున్నంతసేపు ఎవరూ పోలీసులకు ఫోన్ చేయలేదని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ వార్త నుంచే జాన్ డార్లీ, బిబ్ లాటనేల ప్రయోగాలు పుట్టాయి: చుట్టూ ఇంకా మనుషులున్నారని తెలిస్తే ఒక్కొక్కరూ సాయానికి కదలడం తగ్గుతుందని 1968లో చూపించారు, దీన్నే ‘బైస్టాండర్ ఎఫెక్ట్’ అంటారు. తర్వాత పాత రికార్డులు తవ్వితే 38 మంది అలా నిలబడి చూశారన్నదానికి ఆధారమే దొరకలేదు. వార్త తప్పు, దాన్ని చూసి చేసిన ప్రయోగాలు మాత్రం ప్రయోగాలుగా బాగానే నిలిచాయి. నిజం వీధుల్లో ఏమవుతుందంటే, 2019లో వచ్చిన ఒక అధ్యయనం మూడు దేశాల సీసీటీవీల్లో రికార్డయిన 219 గొడవలు చూసి, పదింట తొమ్మిదికి పైగా సందర్భాల్లో కనీసం ఒక్కరైనా కల్పించుకున్నారని తేల్చింది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఒక్కొక్కరి మొగ్గు తగ్గినా, మనుషులు ఎక్కువమంది ఉంటే ఎవరో ఒకరు కదిలే అవకాశం పెరుగుతుంది. జనం ఉన్నా సాయం అందలేదని వార్త రాగానే ‘బైస్టాండర్ ఎఫెక్ట్’ అని రాసేసే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఇక చేసే పద్ధతి. వారానికి ఒక్క వార్త చాలు, రోజుకొకటి వద్దు. ప్రమాదాలు, ఆసుపత్రిలో జరిగిన పొరపాట్లు, కోర్టులో సాక్ష్యం తారుమారైన కేసులు, పత్రికలు వేసే సవరణలు, ఇలాంటివి ఎంచుకోండి. సెలబ్రిటీల వార్తల్లో ఎవరు ఏం అనుకున్నారో మనకెవరూ నిజం చెప్పరు కాబట్టి వదిలేయండి. వార్త చదివిన రోజే తేదీ వేసి అరపేజీ రాయండి: మనసు చేయాల్సిన పని ఏది, ఎక్కడ తెగిందని మీ ఊహ, మనసుతో సంబంధం లేని మామూలు కారణం ఏదైనా సరిపోతుందా, ఏ వివరం తెలిస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారు. ఈ చివరిది రాయలేకపోతే మీరు రాసింది వివరణ కాదు, పేరు మాత్రమే. అలాంటి కాగితాలే నేను ఎక్కువగా వెనక్కి పంపుతుంటాను.

దర్యాప్తు నివేదిక వచ్చేదాకా ఆ కాగితం దాచండి. విమాన, రైలు ప్రమాదాలకైతే అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ లాంటి సంస్థల పూర్తి నివేదికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఏడాది పైన పట్టినా వస్తాయి. అవి వచ్చాక మీ పాత ఊహను దిద్దకుండా, కింద ఇంకో సిరాతో రాయండి. దిద్దితే ‘నేను ముందే అనుకున్నాను’ అనిపిస్తుంది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ చూపించిన హైండ్‌సైట్ బయాస్ అదే, దానికి మీరూ నేనూ మినహాయింపు కాదు.

రాజకీయ వార్తలు మాత్రం మొదటి కొన్ని నెలలు ముట్టుకోకండి. అవతలి పార్టీవాళ్ల బయాస్‌లు మొదటి రోజే వరసగా కనిపించేస్తాయి, ఒక్క కాగితం కూడా సరిగా రాయలేరు.